వెట్టిని కెనడా దాకా మోసుకురావద్దు

మాంట్రియల్ నుంచి క్యుబెక్ సిటీకి సెయింట్ లారెన్స్ నది పక్కగా కారులో వెళ్లినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. అక్కడి పొలాలు మన ఊరి చేలలా ఉండవు. నది ఒడ్డున సన్నగా మొదలై, లోపలికి నవారు పట్టీ పరిచినట్టు పొడుగ్గా సాగిపోతాయి. విమానం కిటికీలోంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నేల మీద ఆ గీతలు గీసింది భూస్వామ్య వ్యవస్థ. స్వేచ్ఛకూ సమానత్వానికీ మారుపేరు అనుకుని మనం వచ్చిన ఈ కెనడాలో కూడా రెండు వందల ఏళ్లకు పైగా దొరలూ, వాళ్ల కింద రైతులూ ఉన్నారు.

ఒంటారియో బడుల్లో నాలుగో తరగతి పిల్లలు పాతకాలపు సమాజాల గురించి చదువుతారు. ఏడో తరగతికి వచ్చేసరికి న్యూ ఫ్రాన్స్ చరిత్ర వస్తుంది. అట్టముక్కలతో కోటలు కట్టి, పైన రాజు, కింద ప్రభువు, అందరికన్నా కింద రైతు అని బొమ్మ గీసి ఇంటికి తెస్తారు. మనం బాగుందని మెచ్చుకుని ఫ్రిజ్ మీద అంటిస్తాం. అది ఎక్కడో యూరప్‌లో, ఎప్పుడో జరిగిపోయిన కథ అనుకుంటాం. ఆ బొమ్మలో అందరికన్నా కిందున్న మనిషి మన తాతల కాలం దాకా మన ఊళ్లలో ఉన్నాడనీ, ఇవాళ మన మధ్య మరో వేషంలో కనిపిస్తున్నాడనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు యూరప్ సంగతి. మధ్యయుగాల్లో అక్కడి కట్టుబానిస రైతుకు కొద్దిపాటి నేల ఉండేది, గుడిసె ఉండేది. దానికి బదులుగా ప్రభువు పొలంలో కూలి లేకుండా పని చెయ్యాలి. ధాన్యం ప్రభువు మిల్లులోనే ఆడించాలి. కూతురి పెళ్లికి కూడా ప్రభువుకు రుసుము కట్టి అనుమతి తెచ్చుకోవాలి. వీటన్నిటికీ మూలమైన నియమం ఒకటుంది. ప్రభువు సెలవు లేకుండా ఆ నేల విడిచి వెళ్లిపోవడానికి వీల్లేదు. శిస్తు ఎంత, వెట్టి ఎన్ని రోజులు అన్నవి ప్రాంతాన్ని బట్టి మారేవి. ఈ నియమం మాత్రం దాదాపు అంతటా ఉండేది.

1347 నుంచి 1351 వరకు యూరప్‌ను ప్లేగు ఊడ్చిపెట్టింది. జనాభాలో మూడో వంతు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే పోయింది. పనివాళ్లు కరువయ్యారు. బతికినవాళ్లకు మొదటిసారి బేరమాడే బలం వచ్చింది. పక్క ఊళ్లో ఎక్కువ కూలి ఇస్తామంటే రాత్రికి రాత్రి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్ పాలకులు 1351లో చట్టం చేసి, కూలి ప్లేగుకు ముందున్న రేటు దాటకూడదన్నారు. 1381లో రైతులు తిరగబడి లండన్ మీదకు వెళ్లారు. కుర్ర రాజు రెండో రిచర్డ్ కట్టుబానిసత్వం రద్దు చేస్తానని మాట ఇచ్చి, గండం గడవగానే మాట తప్పాడు. అయినా పనివాడు వెళ్లిపోగలడని తేలిన తర్వాత ఆ వ్యవస్థ అక్కడ మళ్లీ మునుపటిలా నిలబడలేదు. అదే తూర్పు యూరప్‌లో ప్రభువులు ఆ దారి మూసేశారు. అక్కడ రైతు మెడకు ఉచ్చు ఇంకా బిగిసింది. రష్యాలో 1861 దాకా అది ఊడలేదు.

దీన్నిబట్టి నాకు తోచేదొకటే. ఒక సమాజంలో దొరతనం ఎంత ఉందో కొలవాలంటే కోట ఎంత ఎత్తుందో, దొరకు ఎన్ని వేల ఎకరాలున్నాయో చూడనక్కర్లేదు. కిందున్న మనిషి ‘నేను వెళ్లిపోతాను’ అనగలడా, అన్న తర్వాత బతకగలడా అన్నది చూస్తే చాలు.

ఇదే కొలతతో కెనడాను చూద్దాం. 1627లో ఫ్రాన్స్ రాజు తరఫున రిషెల్యూ ఇక్కడి నేలను ఒక వ్యాపార కంపెనీకి అప్పగించాడు. ఆ కంపెనీ పెద్ద పెద్ద ఖండాలుగా పంచి ఇవ్వసాగింది. ఇప్పటి క్యుబెక్ సిటీ పక్కనున్న బోపోర్ 1634లో రోబేర్ జిఫార్ అనే ఆయనకు దక్కింది. ఇలాంటి ఖండం పొందినవాడు సెన్యూర్, అంటే దొర. అప్పటికే ఆ నేల మీద బతుకుతున్న ఆదివాసీ జాతులను అడిగినవాళ్లు లేరు. సెన్యూర్ తన ఖండాన్ని నదికి అడ్డంగా పట్టీలుగా కోసి రైతులకు ఇచ్చేవాడు. ప్రతి ఒక్కరికీ నీళ్లూ, పడవ దారీ అందాలని అలా కోశారు.

రైతు ఏటా సెన్యూర్‌కు శిస్తు కట్టాలి. మిల్లులో ఆడించిన ధాన్యంలో 14వ వంతు ఇవ్వాలి. పొలం అమ్మితే కొన్నవాడు ధరలో 12వ వంతు సెన్యూర్‌కు చెల్లించాలి. ఏడాదికి కొద్ది రోజులు వెట్టి కూడా ఉండేది. దాన్ని వాళ్లు కోర్వే అన్నారు. పేరు వేరు కానీ పని మనకు తెలిసిందే.

అయితే ఇక్కడి రైతు ఫ్రాన్స్‌లోని రైతంత నలిగిపోలేదు. కారణం మళ్లీ అదే. నేల విస్తారంగా ఉంది, మనుషులు తక్కువ. సెన్యూర్ మరీ పీడిస్తే ఇంకో సెన్యూర్ దగ్గర నేల దొరుకుతుంది. లేదా అడవిలోకి పోయి బొచ్చుతోళ్ల వ్యాపారం చేసుకోవచ్చు. 1711లో రాజు ఆజ్ఞలు కూడా వచ్చాయి. అడిగిన రైతుకు సెన్యూర్ నేల ఇవ్వకుండా దాచుకోకూడదు, తీసుకున్న రైతు సాగు చెయ్యకుండా ఊరుకోకూడదు. ఇక్కడి రైతులు తమను ‘అబితాన్’ అని పిలుచుకున్నారు, అంటే ఈ నేల మీద నివసించేవాడని. రైతుకూలీ అనే పాత ఫ్రెంచి మాటను ఒప్పుకోలేదు. తలుపు తెరిచి ఉన్నచోట మనిషి తలెత్తి మాట్లాడగలుగుతాడు.

తర్వాత బ్రిటిష్ వాళ్లు వచ్చారు. 1774 నాటి క్యుబెక్ చట్టంతో ఈ పద్ధతిని అలాగే ఉంచారు. జనాభా పెరిగి నేల కరువయ్యేసరికి సెన్యూర్‌ల పిడికిలి బిగిసింది. 1837 తిరుగుబాటుకు ముందు నిలిచిన లూయీ జోసెఫ్ పాపినో స్వయంగా ఒక సెన్యూర్. ప్రజాస్వామ్యం కోసం గొంతెత్తిన ఆయనే ఈ పద్ధతిని మాత్రం సమర్థించాడు. బయట సమానత్వం మాట్లాడుతూ ఇంట్లో దొరతనం నడిపే మనుషులు మన దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్నారు.

1854లో చట్టం చేసి సెన్యూర్ పద్ధతిని రద్దు చేశారు. దొరలకు నష్టపరిహారం ఇచ్చారు. రైతు మాత్రం ఒకేసారి డబ్బు కట్టి విముక్తి పొందాలి, లేదా ఏటా కడుతూనే ఉండాలి. చాలామంది దగ్గర అంత డబ్బు లేదు. దాంతో వాళ్ల పిల్లలూ, మనవలూ కడుతూ వచ్చారు. దొరల వారసులకు నేరుగా చెల్లింపు ఆగింది 1940లో. వాళ్లకు ఒకేసారి ఇచ్చేసిన మొత్తాన్ని తీర్చే పేరుతో పురపాలక సంఘాలకు కట్టడం 1970 ప్రాంతం దాకా సాగింది. చట్టం ఒక్క రోజులో రద్దు చేసినదాని లెక్క తేలడానికి నూరేళ్లు దాటింది.

ఇప్పుడు మన ఊళ్ల వైపు వద్దాం. భారతదేశంలో ఉన్నదాన్ని యూరప్ తరహా ఫ్యూడలిజం అనవచ్చా అని చరిత్రకారులు చాలాకాలం వాదించుకున్నారు. ఆర్.ఎస్.శర్మ అవునన్నారు, హర్బన్స్ ముఖియా ఆ పోలిక కుదరదన్నారు. పేరు గురించిన ఆ తగువు వాళ్లకు వదిలేద్దాం. కాకతీయుల కాలంలోనే సైన్యం పోషించే నాయకులకు ఊళ్ల మీద రాబడి ఇచ్చే నాయంకర పద్ధతి ఉంది. విజయనగర రాజులు దాన్ని ఇంకా పెంచారు. కోస్తాలో ఈస్టిండియా కంపెనీ 1802 నుంచి శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి జమీందార్లను నిలబెట్టింది. నిజాం రాజ్యంలో జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు ఉన్నారు. శిస్తు వసూలు చేసే అధికారం చేతిలో ఉన్న దేశ్‌ముఖ్‌లు, పందొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వం వసూలును తన చేతిలోకి తీసుకుని భూముల సర్వే చేయించినప్పుడు, మంచి భూములు తమ పేరున రాయించుకున్నారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో పేర్కొన్నారు.

గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన రోజులను మనలో చాలామంది తాతలు, అమ్మమ్మలు కళ్లారా చూశారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి పనిని బట్టి వాళ్లు గడీకి ఊరికే చాకిరీ చెయ్యాలి. దొర ఇంట్లో పెళ్లయినా చావైనా ఊరంతా నజరానా చెల్లించాలి. అప్పు తీరేదాకా జీతగాడుగా ఉండాలి, ఆ అప్పు ఎప్పటికీ తీరదు. నిజాం ప్రభుత్వం 1936లోనే భగేలా ఒప్పందాల మీద, అంటే అప్పుకింద మనిషిని కట్టేసుకునే ఒప్పందాల మీద నిబంధన తెచ్చింది. అది కాగితం మీద ఉండిపోయింది. ఎందుకంటే వెళ్లిపోవాలనుకున్నవాడికి వెళ్లడానికి చోటు లేదు. పక్క ఊరి దొర కూడా దొరే. పోలీసు పటేలూ, మాలీ పటేలూ, పట్వారీ ముగ్గురూ దొర వైపే. క్యుబెక్ అబితాన్‌కు ఉన్న అడవి దారి మనవాళ్లకు లేదు.

ఆ దారిని వాళ్లే తొలుచుకున్నారు. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత సంఘం ఊరూరికీ పాకింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు పట్టి పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. సంఘం వాళ్ల అండతో ఇంటికి చేర్చుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. ఆ తర్వాత జరిగింది మనకు తెలుసు. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. అవతల మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. 1950 కౌలుదారీ చట్టంతో తెలంగాణలో కొందరికైనా భూమి మీద హక్కు వచ్చింది. దేశమంతటా వెట్టిచాకిరీని చట్టం నిషేధించడానికి 1976 దాకా పట్టింది.

ఇంతవరకూ చెప్పిన చరిత్రకూ, కెనడాలో తెలుగువాళ్లం ఇవాళ బతుకుతున్న తీరుకూ సంబంధం ఏమిటని అడగొచ్చు. సంబంధం ఎల్‌ఎంఐఏ అనే మాటలో ఉంది. ఈ పనికి ఇక్కడి మనిషి దొరకలేదు, కాబట్టి విదేశీయుణ్ణి పెట్టుకోవచ్చని ప్రభుత్వం యజమానికి ఇచ్చే అనుమతి పత్రం అది. దాని ఆధారంగా వచ్చే వర్క్ పర్మిట్ మీద సాధారణంగా ఆ యజమాని పేరే ఉంటుంది. అంటే ఆ మనిషి ఆ యజమాని దగ్గరే పని చెయ్యాలి. ఇంకోచోట చేరాలంటే కొత్త పర్మిట్ కావాలి. యజమాని కాదన్న రోజున ఉద్యోగమే కాదు, ఈ దేశంలో ఉండే ఆధారమూ ఊగుతుంది. ‘నేను వెళ్లిపోతాను’ అనే మాట అతని నోటికి రాకుండా కాగితమే అడ్డు పడుతుంది.

ప్రభుత్వం ఆ అనుమతి కోసం ఒక్కో ఉద్యోగానికి వెయ్యి డాలర్ల రుసుము తీసుకుంటుంది. అది యజమానే కట్టాలి, పనివాడి దగ్గర రాబట్టకూడదు. ఒంటారియోలో విదేశీ పనివాళ్ల రక్షణ చట్టం 2009 నుంచి ఉంది. ఉద్యోగం ఇప్పించినందుకు మధ్యవర్తి వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం, పాస్‌పోర్ట్ లాక్కోవడం దాని కింద నేరం. అయినా ఎల్‌ఎంఐఏకి ‘రేటు’ ఉందని మన ఊరగాయ జాడీ ధర చెప్పినంత మామూలుగా మన పార్టీల్లో మాట్లాడుకుంటున్నాం. అమ్మేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, కొనేవాళ్లలో మన పిల్లలే ఉన్నారు. జీతం బ్యాంకులో వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకోవడం. నలభై గంటలని రాసి అరవై గంటలు చేయించుకోవడం. సెలవు అడిగితే ‘నీ ఫైలు నా చేతిలో ఉంది’ అని గుర్తు చెయ్యడం. ఇవి ఎవరికీ తెలియని సంగతులు కావు.

2023లో ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి తొమోయా ఒబొకాటా కెనడాలో పర్యటించి, యజమానికి కట్టేసే ఈ తాత్కాలిక పనివాళ్ల పథకం ఆధునిక బానిసత్వం పెరగడానికి అనువైన నేల అని తప్పుపట్టారు. కెనడా ప్రభుత్వం కూడా కొంత దిద్దుబాటు చేసింది. 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లు తీసేసింది. ఆ పాయింట్ల కోసం ఎల్‌ఎంఐఏ కొనే బేరాలను అరికట్టడమే ఉద్దేశమని చెప్పింది. కానీ పర్మిట్ గడువు దగ్గర పడుతున్న కుర్రాడి భయం పాయింట్లతో పోదు. ఆ భయం ఉన్నంతకాలం దాన్ని కొనేవాడు ఉంటాడు.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. ఆ డబ్బు కోసం ఊళ్లో తండ్రి పొలం తాకట్టు పెడతాడు, లేదా అమ్ముతాడు. అది కౌలుదారీ చట్టంతోనో, ఎన్నో ఏళ్ల కష్టంతోనో తాత చేతికి వచ్చిన రెండెకరాలే అయితే? దొర పట్టు నుంచి విడిపించుకున్న నేలను అమ్మి, ఆ డబ్బుతో మనవడికి ఏడు సముద్రాల అవతల ఇంకో దొరను కొనిస్తున్నాం. దీన్ని ఫీజు అని పిలుచుకుంటున్నాం. మన తాతలు దీన్ని నజరానా అనేవాళ్లు.

‘ఊరికే పోలికలు తేవద్దు, ఆ కుర్రాడు ఇష్టపడే వచ్చాడు, ఎవరూ కొట్టి తీసుకురాలేదు’ అనేవాళ్లుంటారు. నిజమే, ఇక్కడ కొరడా లేదు, గడీ లేదు. నూటికి నూరుపాళ్లు రెండూ ఒకటేనని నేనూ అనను. కానీ అప్పుకింద జీతం ఉన్న మనిషి కూడా వేలిముద్ర తానే వేశాడు. ఇష్టం ఉందా అని అడిగితే చాలదు, ఇష్టం పోయినప్పుడు బయటపడే దారి ఉందా అని అడగాలి.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ‘మనవాడు కదా అని సాయం చేశాను, లేకపోతే ఈపాటికి వెనక్కి పోయేవాడు’ అని. చేసిన పనికి చట్టప్రకారం జీతమిచ్చి, పైసా తీసుకోకుండా కాగితాలు పెట్టిన తెలుగు యజమానులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ డబ్బు తీసుకుని దానికి సాయం అని పేరు పెట్టడం మనకు కొత్త కాదు. ‘దొర దయ తలిచి పని ఇచ్చాడు’ అన్న మాటతోనే వెట్టి తరతరాలు నడిచింది. హక్కుగా రావలసినదాన్ని దయగా చూపించడమే దొరతనం అసలు విద్య. ఎదుటివాడు కృతజ్ఞతతో తలవంచుకున్నంతకాలం లెక్క అడగడు.

ఈ దయ కూడా అందరికీ ఒకేలా దొరకదు. మొదట ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత అసలు సంగతి. వెట్టిని కులాన్ని బట్టి పంచిన అలవాటు ఇక్కడ అవకాశాన్ని కులాన్ని బట్టి పంచుతోంది. కుల వివక్ష తమ మానవ హక్కుల చట్టం పరిధిలోకి వస్తుందని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2023 అక్టోబరులో స్పష్టం చేసింది. మన గురించి ఇక్కడి ప్రభుత్వ సంస్థ అలా చెప్పాల్సి వచ్చిందంటే మనం ఆలోచించుకోవాలి.

చెయ్యగలిగినవి మన చేతిలోనే ఉన్నాయి. వ్యాపారం ఉన్నవాళ్లు ఉద్యోగానికి డబ్బు తీసుకోమని నలుగురిలో చెప్పాలి. పండగలకు సభలు పెట్టి ప్రాయోజకులను వేదిక మీదకు పిలిచే మన సంఘాలు, శాలువా కప్పే ముందు ఆ మనిషి దగ్గర పనిచేసేవాళ్ల సంగతి ఒకసారి వాకబు చెయ్యాలి. ఏడాదికి ఒక్క సాయంత్రమైనా లైసెన్స్ ఉన్న సలహాదారునో, కార్మిక చట్టాలు తెలిసిన లాయరునో పిలిచి విద్యార్థులకు ఉచితంగా వివరించాలి. ఊళ్లోని తల్లిదండ్రులకు, ‘కాగితం కొనుక్కుంటే సరిపోతుంది’ అని చెప్పే బంధువు మాట నమ్మి పొలం అమ్మవద్దని ఇక్కడున్న మనమే ఫోన్ చేసి చెప్పాలి.

ఇప్పటికే ఇరుక్కున్న పిల్లలకు ఒక మాట. మీరు ఒక్కరే కాదు, తప్పు మీ ఒక్కరిదే కాదు. యజమాని వేధింపులకు గురవుతున్నవాళ్లు ఎవరి పేరూ లేని ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకునే వీలు 2019 జూన్ నుంచి ఉంది. దానికి ఆధారాలు కావాలి. జీతం చీటీలు, పనిగంటల లెక్క, డబ్బు అడిగిన మెసేజ్‌లు, బ్యాంకు లావాదేవీలు, అన్నీ దాచిపెట్టుకోండి. భయంతో తుడిపేయకండి.

ఇక ఇంట్లో మనం చెప్పే కథలు. ‘మాకు ఊళ్లో వంద ఎకరాలుండేవి, ఇంటి ముందు పాలేర్లు వరసగా నిలబడేవాళ్లు’ అని పిల్లలకు గొప్పగా చెప్పుకుంటాం. ఆ వరసలో నిలబడ్డవాళ్లకు పేర్లుండేవి, వాళ్లకూ పిల్లలుండేవాళ్లు. వాళ్ల మనవలు ఇవాళ మన పక్క వీధిలోనే, బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఉండొచ్చు, మన పిల్లలతో కలిసి ఒకే బడి బస్సు ఎక్కుతుండొచ్చు. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆమె ఎవరని మన పిల్లలు అడిగితే చెప్పగలగాలి. అట్టముక్కల కోట కట్టే పిల్లకు, కోటలో ఎవరున్నారన్నది బడిలో చెబుతారు. దానికి రాళ్లు మోసిందెవరో, వాళ్లు ఎందుకు వెళ్లిపోలేకపోయారో మనం చెప్పాలి.

సెన్యూర్ లెక్క తేలడానికి క్యుబెక్ రైతుకు నూరేళ్లకు పైగా పట్టింది. మనకు అంతకాలం అక్కర్లేదు. ఇక్కడి చట్టం మన వైపే ఉంది. మన దగ్గర పనిచేసే మనిషి రేపు మానేస్తానంటే, ‘సరే, మంచిది, రావలసిన జీతం ఇదిగో’ అని చెప్పి పంపగలిగితే చాలు.